దొర గీసిన బాణాలు

తొంభైల్లో ఒమాన్‌లోని సహం ఊళ్ళో, మేం పనిచేసిన కట్టడం సైట్‌లో మా ఇంజనీరుది ఇంగ్లాండు. ఎవరైనా ‘ఇంగ్లీషు దొర’ అంటే చాలు, ఇనుపచువ్వతో ఇసుకలో తన దీవిని గీసేవాడు. సముద్రం అవతలి యూరప్ తీరం నుంచి దాని మీదికి బాణాలు వేసేవాడు. “ముందు వీళ్ళు పడవల్లో వచ్చారు. తర్వాత వీళ్ళు. అందరూ కలిసిపోయాకే ఇంగ్లీషువాళ్ళం అయ్యాం” అని వచ్చీరాని హిందీలో గర్వంగా చెప్పేవాడు.

ఒకరోజు మా కరీంనగర్ మేస్త్రి ఆ చువ్వ అందుకుని, దీవి నుంచి ఒమాన్‌కు ఇంకో బాణం గీశాడు. “ఇది మీరు సార్.”

దొర మురిసిపోయాడు.

“మరి ఎన్కకు పోయే బాణం గూడ గియ్యున్రి. ఆ పడవలోళ్ళు అది గియ్యకనే ఇంగ్లీషోళ్ళయిన్రు. లేకుంటె రేపు మీరు గూడ ఒమానీ అయితరు!”

నేను హిందీలో చెప్పాను. దొర పగలబడి నవ్వాడు. బాణం మాత్రం గియ్యలేదు.