వజ్ర ఫ్యాబ్రిక్స్ మొదటి స్టాలు

సూరత్ ఉధ్నాలో రైలు పట్టాలను ఆనుకొని ఉన్న గల్లీలో పరుశురాం కార్ఖానా ఉంది. సిరిసిల్ల నుంచి అన్నదమ్ములిద్దరూ వచ్చి, మొదట ఒకరి దగ్గర కూలికి నేసి, తర్వాత పాత మరమగ్గాలను, వాళ్ల మాటలో సాంచాలను, ఒక్కొక్కటే కొని నిలబెట్టుకున్న కార్ఖానా అది. గుడ్డలోనే చిన్న చిన్న గళ్లు, చుక్కలు పడేట్టు నేయడంలో పరుశురాంది మంచి చెయ్యి. తమ్ముడు రఘుపతి నూలు తెచ్చేవాడు, మాలు చేరవేసేవాడు. నేసిందంతా రంగు వేయని పచ్చి గుడ్డగానే రింగ్ రోడ్ మార్కెట్టులోని ఒక సేటుకు పోయేది. గుడ్డ తాను మీద సేటు ముద్ర పడేది. నేసింది ఎవరో కొనేవాళ్లకు తెలియదు, కొనేది ఎవరో వీళ్లకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆ అవసరం కూడా రాలేదు.

రెండో విడత కరోనాలో సేటు పోయాడు. ఆయన కొడుకులు దుకాణం ఎత్తేశారు. అదే నెలలో పరుశురాం కూడా ఆసుపత్రి పాలయ్యాడు. ప్రాణంతో తిరిగి వచ్చాడు గాని ఊపిరి తిరిగి రాలేదు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టారు. ముక్కుకు గొట్టం లేకుండా స్నానాల గది దాకా పోయి వచ్చినా పెదవులు నల్లబడేవి. సాంచాల మధ్య లేచే నూగు అతనికి విషంతో సమానమని డాక్టరు చెప్పాడు.

కార్ఖానా ఆగింది. కార్మికులు ఊళ్లకు పోయారు. రఘుపతి కొన్నాళ్లు మార్కెట్టు చుట్టూ తిరిగాడు. ఎక్కడికి పోయినా పాత నేతగాళ్లను వదిలి కొత్తవాళ్ల దగ్గర కొనేవాడు కనబడలేదు. ఒకరోజు వదిన సుభాషిణి ముందు కూర్చుని అన్నాడు:

"వదినె, సాంచాలు భంగారోనికి అమ్ముదాం. ఇనుప తుక్కు రేటన్న వస్తది. తుప్పు పడితే అది సుత రాదు."

లోపలి గదిలో ఆక్సిజన్ యంత్రం గుర్రుమంటోంది. భర్త వింటున్నాడని ఆమెకు తెలుసు.

ఆమె అప్పటిదాకా కండెలు చుట్టింది, కార్మికులకు చాయ్ పెట్టింది, అత్త వజ్రమ్మను చూసుకుంది. వ్యాపారం గురించి ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎదురింటి గుజరాతీ ఆమె ఒకసారి మాటల్లో, దీపావళి తర్వాత బట్టల ప్రదర్శన పెడుతున్నారని, దూరపు ఊళ్ల నుంచి కొనేవాళ్లు నేరుగా వస్తారని అంది. ఆ మాట సుభాషిణిని పట్టుకుంది. సేటు లేకపోతే కొనేవాడి దగ్గరికి మనమే పోవాలి. ఇంతకంటే ఆమెకు ఇంకేమీ తోచలేదు.

"మనకు స్టాలా?" అన్నాడు రఘుపతి. "అక్కడ పెద్ద పెద్ద మిల్లులోళ్లుంటరు వదినె. మనం గీ పచ్చి గుడ్డ పట్టుకపోతే నవ్వుతరు."

"నవ్వనీ. గా ప్రదర్శన అయ్యేదాక ఆగు. అయినంక నువ్వేం చెప్తే గది."

అతను పట్టు సడలించాడు గాని సాయం చేయనన్నాడు. స్టాలు కిరాయి కోసం మూలనున్న రెండు సాంచాలు భంగారుకు పోయాయి. వాటిని సుత్తులతో విడగొడుతున్నప్పుడు పరుశురాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దరఖాస్తులో కంపెనీ పేరు అడిగారు. వాళ్లకు పేరే లేదు. అత్త పేరు పెడదామని సుభాషిణి అంది.

"వజ్రనా? సూరత్‌ల వజ్రమంటే హీరాల కంపెనీ అనుకుంటరు," అన్నాడు పరుశురాం. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను నవ్వినట్టు మాట్లాడటం అదే మొదలు. పేరు అదే ఖాయమైంది, వజ్ర ఫ్యాబ్రిక్స్.

ఆ తర్వాత ఏం పెట్టాలన్న చింత మొదలైంది. పచ్చి గుడ్డను గోడకు వేలాడదీస్తే దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. రంగు వేయిద్దామంటే మిల్లులు అంత తక్కువ మాలు తీసుకోవు. సుభాషిణి నాలుగు తాన్లు ఆటోలో వేసుకొని రంగుల మిల్లులుండే పల్సానా పోయింది. ఏ గేటు దగ్గరా వాచ్‌మన్ లోపలికి పంపలేదు. చివరికి ఒక మిల్లులో జగిత్యాల వైపు మనిషి లస్మయ్య సూపర్‌వైజరని తెలిసి, అతను డ్యూటీ దిగేదాకా బయట నిలబడింది.

"అక్కా, వేరేటోల్ల లాట్ నడుస్తుంటది. దాని వెనుక నీ తాన్లు కుట్టి పంపుత. కని రంగు నా చేతుల లేదు. ఆ పూట ఏది నడుస్తే గదే."

"ఏదైతే ఏంది అన్నా, పచ్చిది గాకుంటె సాలు."

వచ్చింది ముదురు నీలం. ఇంటికి తెచ్చి విప్పితే పరుశురాం చాలాసేపు దాన్నే చూశాడు. ఆ రంగులో గళ్లు లేవు, చుక్కలు లేవు. అతను ఇన్నేళ్లు నేర్చుకున్న పనంతా నీలంలో మునిగిపోయింది. సుభాషిణి వంటింట్లోకి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఇంకోసారి రంగు వేయించే దారి లేదు.

మరునాడు భర్త ఆమెను పిలిచి, ఒక తాను కొసను కిటికీకి అడ్డంగా పట్టుకొమ్మన్నాడు. ఎండ పడగానే గుడ్డలో గళ్లు ఒక్కొక్కటే తేలాయి.

"లైటు ముందట గాదు, వెనుక పెట్టాలె," అన్నాడు. "అందరు గుడ్డ మీద లైటు ఏస్తరు. మనం గుడ్డ వెనకాల పెడదాం."

అప్పటి నుంచి అతను మంచం మీద ఉండలేదు. సాంచాలు ఆగిపోయి చాలా కాలమైంది కాబట్టి సుభాషిణి కార్ఖానా అంతా తడిగుడ్డతో తుడిచి, ఆక్సిజన్ యంత్రాన్ని అక్కడికి జరిపింది. అమ్మేసిన రెండు సాంచాల చోటు ఇంచుమించు స్టాలు అంత ఉంది. పరుశురాం కుర్చీలో కూర్చుని చూపిస్తుంటే ఆమె సుద్దముక్కతో నేల మీద గీసింది. ఇది బల్ల. ఇవి వేలాడే గుడ్డలు, పచ్చిది ఒకటి, నీలం ఒకటి. ఇక్కడ నమూనా ముక్కల పుస్తకం. ఇక్కడ రెండు కుర్చీలు.

"రెండు కుర్చీలెందుకు?" అంది ఆమె.

"ఒకటి వచ్చినోనికి. ఒకటి నాకు."

"అంత మందిల నువ్వెట్ల కూసుంటవు? మల్ల కరోనా అంటుండ్రు టీవీల."

"నా గుడ్డ గురించి నేను చెప్పకపోతే ఎవలు చెప్తరు?"

ఆమె వాదించలేదు. రోజూ సుద్దగీతల మధ్య నిలబడి, కొనేవాడిలా అతను హిందీలో అడిగే ప్రశ్నలకు జవాబులు నేర్చుకుంది. వెడల్పెంత, ఏ నూలు, నెలకు ఎంత నేస్తారు. తప్పు చెబితే వజ్రమ్మ మూల నుంచి, "మల్ల చెప్పు బిడ్డా," అనేది, ఆమెకు హిందీ రాకపోయినా.

మొదటి రోజు సుభాషిణి ఒంటరిగానే పోయింది. హాలు నిండా వెలుగులు, అటూ ఇటూ పెద్ద స్టాళ్లు. వెనక లైటుతో వాళ్ల గుడ్డలు నిజంగానే బాగున్నాయి. కాని జనం ఒక చూపు చూసి పోయారు. జైపూర్‌లో పిల్లల బట్టలు కుట్టించే ఒక పెద్దమనిషి మాత్రం నీలం గుడ్డ దగ్గర ఆగాడు. ఈ చుక్కను ఇంకా చిన్నది చేసి, నూలు మార్చి, గుడ్డను మెత్తగా తేగలరా అని అడిగాడు. ఆ ప్రశ్నను భర్త నేర్పలేదు. ఆమె ముక్కల పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపింది. రేపు మళ్లీ వస్తానని మర్యాదకు చెప్పి వెళ్లాడు.

ఆ సంగతి విని పరుశురాం, "రేపు నేనొస్త," అన్నాడు. అంతే.

రెండో రోజు చిన్న సిలిండరు తీసుకొని ఆటోలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మాస్కు కింద నుంచి గొట్టం కనబడుతూనే ఉంది. కుర్చీలో కూర్చుని వెలుగుతున్న గుడ్డలను చూసి తల ఆడించాడు. కాసేపు ఆమె కష్టాలన్నీ మరిచిపోయింది.

కాని జనం రావడం ఆగిపోయింది. దారిలో వస్తున్నవాళ్లు సిలిండరు చూడగానే అవతలి వరుసకు తప్పుకున్నారు. ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది. నిర్వాహకుల మనిషి దూరంగానే నిలబడి, పక్క స్టాళ్లవాళ్లు ఫిర్యాదు చేస్తున్నారని చెప్పాడు. సుభాషిణి కరోనా పరీక్ష కాగితం చూపించింది, జబ్బు ఎప్పుడో తగ్గిందని, ఊపిరితిత్తులే చెడ్డాయని చెప్పింది. "నేను నమ్ముతాను బెహన్‌జీ, వాళ్లు నమ్మాలి కదా," అని అతను పోయాడు.

పరుశురాం విననట్టే కూర్చున్నాడు. ఆమె కూడా విననట్టే గుడ్డలు సర్దింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పుడే జైపూర్ పెద్దమనిషి కనబడ్డాడు. అన్నమాట ప్రకారం వచ్చాడు. వచ్చినవాడు నాలుగడుగుల దూరంలో ఆగి, సిలిండరు వైపు చూసి, చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకొక క్షణం ఆగితే పోతాడు. సుభాషిణి భర్త వైపు వంగింది.

"ఇగో, నువ్వు జర బయట కూసుంటవా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కుర్చీ చెయ్యి పట్టుకొని లేచి, సిలిండరు ఎత్తుకొని, జనం తప్పుకున్న దారి వెంట తలుపు వైపు నడిచాడు. రెండుసార్లు ఆగాడు. ఆమె కాలు ముందుకు పడబోయింది. పెద్దమనిషి అప్పటికే లోపలికి వచ్చి నిన్నటి ప్రశ్న మళ్లీ అడుగుతున్నాడు.

"మాలిక్‌తో మాట్లాడిస్తాను," అంది హిందీలో. "ఆఫీసులో ఉన్నాడు."

ఫోన్ చేసింది. ఎత్తడేమో అనుకుంది. ఎత్తాడు. స్పీకరులో అతని గొంతు ఆగి ఆగి వచ్చింది. నమస్తే చెప్పి, ఏ నూలు వాడితే మెత్తగా వస్తుందో, చుక్క ఎంతవరకు చిన్నదవుతుందో, అంతకు మించితే గుడ్డ ఎలా చెడుతుందో చెప్పాడు. మధ్యలో ఊపిరి కోసం ఆగినప్పుడు పెద్దమనిషి, "మెట్లెక్కుతున్నట్టున్నారు, నిదానంగా చెప్పండి," అన్నాడు.

"అవును సాబ్," అన్నాడు పరుశురాం.

గుడ్డ ముక్కలు, విజిటింగ్ కార్డు తీసుకొని ఆయన వెళ్లాక సుభాషిణి స్టాలు వదిలేసి బయటికి పరుగెత్తింది. పరుశురాం పార్కింగ్ పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుంది. ఆమె పోయి అతని ముందు నిలబడింది.

"ముక్కలు తీస్కపోయిండా?" అని అడిగాడు.

"తీస్కపోయిండు."

సంక్రాంతి నాటికి కరోనా మూడో విడత వచ్చింది. జైపూర్ నుంచి కబురు లేదు. రఘుపతి ఇక ఆగలేదు, తన వాటా సాంచాలు అమ్ముకొని సిరిసిల్ల వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు వదిన కాళ్లకు మొక్కి, కళ్లు తుడుచుకొని పోయాడు. కార్ఖానాలో మూడు సాంచాలు మిగిలాయి. కరెంటు తీసేస్తామని మనిషి వచ్చిన వారంలోనే జైపూర్ నుంచి ఫోన్ వచ్చింది. నమూనాకు కొద్దిపాటి మాలు కావాలి. నచ్చితే తర్వాత చూద్దామన్నారు.

సుభాషిణి ఒక పాత కార్మికుణ్ని పిలిపించుకొని, తాను కూడా సాంచా దగ్గర నిలబడింది. పరుశురాం గుమ్మం అవతల కూర్చుని, చప్పుడు విని తప్పు ఎక్కడుందో చెప్పేవాడు. మాలు నచ్చింది. మళ్లీ అడిగారు, అదీ కొద్దిగానే. ఆ మూడు సాంచాలు ఆగకుండా నడవడానికి సరిపోయేంత.

స్టాలులో ఆ రోజు మాట ఇద్దరూ చాలాకాలం ఎత్తలేదు. వానాకాలంలో ఒక సాయంత్రం అతని వీపుకు నూనె రాస్తూ ఆమే అడిగింది.

"ఆ దినం నా మీద కోపమొచ్చిందా?"

అతను ఊపిరి కూడదీసుకునేదాకా ఆమె ఆగింది.

"కోపం రాలే. కూసున్నకాడికెల్లి నేనే లేసి పోదామనుకున్న. నువ్వు చెప్పేదాక కాళ్లు రాలే."

సుభాషిణి నూనె గిన్నె పక్కన పెట్టింది. పక్కింట్లో సాంచాలు నడుస్తున్నాయి. చాలాసేపు ఆమె చెయ్యి అతని వీపు మీదే ఉంది, ఊపిరితో పాటు కష్టంగా లేస్తూ దిగుతూ.