మంచుకు దణ్ణం

వైటుకే పని కోసం మెల్‌బోర్న్ వచ్చిన నేనూ, నా గుంటూరు స్నేహితుడూ ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడం మా ఉద్యోగం. శనివారం మా ఆఫీసువాళ్లమంతా బార్బీ దగ్గర, అంటే పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యి దగ్గర, చేరితే అతను ఐస్ రింకుకు పరిగెత్తేవాడు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చినవాడు, ఇక్కడికొచ్చాక మంచు మీద స్కేటింగ్ మొదలుపెట్టాడు. గజ్జెలు కూడా కట్టుకోకపోయావా అని ఏడిపించేవాణ్ణి. నా నోరు అలాంటిది.

అతని కోచ్ ఒక పెద్దావిడ. చేతులు అద్భుతం, కాళ్లలోనే బలం లేదు అనేదట. ముందుకు ఎగిరి, గాల్లో ఒకటిన్నర చుట్లు తిరిగి, ఒంటికాలి మీద దిగాలి. దాన్ని ఆక్సెల్ అంటారు. దానికోసం ఆఫీసులో లిఫ్టు మానేసి ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కేవాడు. పడీ పడీ అతని తుంటి ఎప్పుడూ కమిలిపోయి ఉండేది. జనవరితో కాంట్రాక్టు అయిపోతుంది, గుంటూరులో ఐస్ రింకు ఎక్కడిది? అందుకే నవంబరు పోటీలో ఒక్కసారైనా పడకుండా దిగాలని అతని పట్టుదల.

పోటీలో మగవాళ్లు నలుగురే. అతను మధ్యలోకి వెళ్లి, నాట్యానికి ముందు నేలకు దణ్ణం పెట్టే అలవాటు కొద్దీ వంగి మంచును తాకాడు. స్కేటరు కదలకుండా నిలిస్తే పాట వేయడం అక్కడి పద్ధతి. అదే మొదటి భంగిమ అనుకుని పాట వేసేశారు.

కోచ్ తల పట్టుకుంది. అతను మాత్రం తడబడలేదు. పాటతోపాటే చేతిని నెమ్మదిగా పైకి తెచ్చి, కళ్లకద్దుకుని, అంతా ముందే కూర్చుకున్నట్టు లేచి జారిపోయాడు. అంత అందమైన దణ్ణం నేను ఏ వేదిక మీదా చూడలేదు. తర్వాత వేగం అందుకుని ఎగిరాడు. దిగిన కాలు వణికింది, నిలిచింది. చేతులు వణకనే లేదు. నేను లేచి అరిచాను, ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

మూడోస్థానం వచ్చింది. గట్టు దగ్గరికొచ్చి అతను అడిగింది ఒక్కటే.

"ల్యాండింగ్ క్లీన్‌గానే ఉంది కదరా? చూశావు కదా?"

"చూశాన్రా. నిలబడ్డావు."

జనవరిలో ఏ కంప్యూటరూ ఆగలేదు, అతని కాంట్రాక్టు మాత్రం ఆగిపోయింది. బయల్దేరే రోజు పొద్దున నన్నూ రింకుకు తీసుకెళ్లాడు. ఒక చుట్టు తిరిగి, మధ్యలో వంగి, మంచు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఈసారి ఎవరూ పాట వేయలేదు.