సూది ఉన్న చెయ్యి

మా ముత్తాతగారు మా ఊరికి మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, తాలూకా బోర్డు మెంబరు. తాతగారు కాలవగట్టు మీద వస్తుంటే ఎదురైనవాళ్లు చెప్పులు విడిచి పక్కకు తప్పుకునేవారు. పాలేర్లు మా ఇంట్లో ఏ వస్తువు ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కోవాలి. గొప్పకు చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. మా నాన్నగారి నాటికి పొలం చాలామటుకు పోయింది. ఆయన నడుము మాత్రం వంగలేదు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో పేగు మెలిపడితే ఆయనకు అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. అది బాగానే జరిగింది. ఎడమచేతి నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించేవారు. నరం దొరకడం కష్టమని ఆ సూదినే రోజుల తరబడి ఉంచేశారు.

కబురు తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. మా వైపు రోగిని చూడ్డానికి వెళితే మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకోవాలి. లేకపోతే చూసినట్టు కాదు. ఆయన కుడిచెయ్యి గోడవైపు ఉండేది. అందుకని అందరూ సూది ఉన్న చేతినే పట్టుకునేవారు.

"ఆ చెయ్యి ముట్టుకోవద్దని చెప్పండి బాబుగారూ. తప్పకపోతే సబ్బుతో కడుక్కుని రమ్మనండి" అంది నర్సమ్మగారు.

ఆ పూటే మా పాత పాలేరు కొడుకు వచ్చారు. రాజోలు దగ్గర హైస్కూల్లో మాస్టారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బత్తాయిల సంచి. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"అక్కడే ఉండిపోయేరేంటి మాస్టారూ, ఇలా కూర్చోండి" అన్నారు నాన్నగారు.

"ఆయ్. ఎలా ఉందండీ ఇప్పుడు?"

"పొట్ట కోసి చూసేరు. లోపల కూడా ఆస్తేం దొరకలేదంట."

మాస్టారు నవ్వుతూ మంచం మీద కూర్చున్నారు. చేతులు కడుక్కోమని నేను పంపు చూపించబోయాను. నాన్నగారు వద్దన్నట్టు నావైపు చూశారు. సూది ఉన్న చెయ్యి తనే మాస్టారి వైపు చాచారు.

మాస్టారు వెళ్లాక అన్నారు: "చేతులు కడుక్కుని ముట్టుకో అని వాళ్ల నాన్నతో మీ తాతగారు అనేవారు. నేను విన్నాను. అదే మాట నా మంచం దగ్గర నువ్వు అంటావా?"

"అది సూది కోసమండీ. అందరికీ చెబుదాం."

"సూది కోసమో దేనికోసమో ఆయనకెలా తెలుస్తుంది? ఎవరికీ చెప్పొద్దు."

ఆ జబ్బు ఏ చేతినుంచి అంటుకుందో ఎవరూ చెప్పలేరు. డాక్టరుగారు మంచం మంచానికీ తిరుగుతూ ఒకే తువ్వాలుతో చేతులు తుడుచుకునేవారు. సూది చుట్టూ ఎర్రబడింది, నరం తాడులా గట్టిపడింది, తర్వాత చలిజ్వరం పట్టుకుంది. అప్పుడు సూది తీశారు. ఇంజక్షన్లు మార్చి మార్చి వేశారు. జ్వరం దేనికీ దిగలేదు. రక్తం పరీక్షకు కాకినాడ పంపించారు.

"రక్తంలో క్రిమి ఉందండీ. మన దగ్గరున్న ఏ మందుకీ లొంగదు" అన్నారు డాక్టరుగారు, నేల చూస్తూ. "ప్రతి జ్వరానికీ ఇవే ఇంజక్షన్లు వేసేస్తున్నాం కదండీ, వాటికి అలవాటు పడిపోయింది. ఆ సూది ముందే మార్చాల్సింది."

ఎవరిమీద కోప్పడాలో నాకు తెలియలేదు. మద్రాసు నుంచి ఏదో పెద్ద మందు తెప్పిస్తే ఆశ ఉందన్నారు. అది లారీలో రావులపాలెం వచ్చింది. అరటిగెలల మధ్య నిలబడి ఆ చిన్న పెట్టె అందుకున్నాను. మందు వేశాక జ్వరం ఒక పూట దిగింది. మళ్లీ ఎక్కింది.

చివరికి ఆ చేతికి మోచెయ్యి దాకా కట్టు కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం పట్టుకోవాలో తెలియక దుప్పటి అంచు పట్టుకునేవారు. మాస్టారు రెండోసారి వచ్చినప్పుడూ అంతే. నాన్నగారు ఆయన్ని గుర్తుపట్టలేదు.

ఆ మందు కోసం కాలవగట్టు కొబ్బరితోట బేరం పెట్టాం. రిజిస్ట్రేషన్ నాన్నగారు పోయాక జరిగింది. కొన్నవాళ్లది గోదావరి అవతల జొన్నాడ, మా తాతగారెవరో వాళ్లకు తెలియదు.