సోడా తాగి చెప్పిన మాట

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు పక్క పల్లెల్లో పార్టీ అంటే ఓటు ఒక్కటే కాదు, మంచినీళ్లు కూడా. ఎదుటి పార్టీ వాళ్లింట్లో గుక్కెడు నీళ్లు ముట్టేవాళ్లు కారు. నాకేమో పుట్టిల్లు ఒక పార్టీ, అత్తిల్లు ఇంకో పార్టీ. (పెళ్లినాటికి రెండూ ఒకటే, నేను కాపురానికి వచ్చేసరికి పెద్దలు చీలిపోయారు.)

ఎన్నికలొచ్చాయి. మా ఊరి పెద్దాయన జీపుకు మైకు కట్టించి నన్నూ, మా తోడికోడలినీ ఎక్కించాడు. గొర్రెలను కేకేసి పెరిగిన గొంతు నాది, గుట్ట అవతలికి వినిపిస్తుంది. "మన పార్టీ గెలిస్తే వీధికి కొళాయి వస్తుంది" అని చెప్పాలి. ఇద్దరికీ నమ్మకం లేదు. మా తోడికోడలక్క గడుసుది, ప్రొద్దుటూరు పట్టుచీర చేతికొచ్చాకే జీపెక్కింది. నేను అడగడానికి సిగ్గుపడ్డాను. నాకొక గోలీసోడా కొట్టించారు.

సాయంత్రం ఆమె చీర మడతపెడుతూ, "కొళాయీ లేదు, గిళాయీ లేదు. చీరిచ్చినారు, చెప్పినా. నువ్వేందిమే, అట్ల అరిస్తివి?" అని నవ్వింది. "అట్లనొద్దక్కా, పెద్దాయన మామ తెస్తాడు" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఒక్క సోడాకు అబద్ధమాడే మనిషినా నేను? కాదు గదా! అయితే అది నిజమే అయివుండాలి.

సంగతి మా పుట్టినూరు సింహాద్రిపురం దాకా పోయింది. నాయన బస్సు దిగి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఏమిచ్చినారుమ్మా నీకు?"

"సోడా, నాయనా."

"సోడానా! చీరకు చెప్పింటే మరిచిపోయేవాణ్ని. సోడాకు చెప్పినావంటే నమ్మే చెప్పినావు. ఆ కొళాయి వచ్చినాకనే నీ ఇంట్లో నీళ్లు తాగేది!" అని కండువా దులిపి వెనక్కి తిరిగాడు. "వస్తాది, చూడు నాయనా" అన్నాను, కళ్లు తుడుచుకుంటూనే.

పార్టీ గెలిచింది, కొళాయి ఊసే లేదు. నేను పొద్దున్నే ఖాళీ బిందెతో పెద్దాయన వాకిట్లో నిలబడడం మొదలుపెట్టాను. (వేటకొడవళ్లకు బెదరని మనిషి, ఖాళీ బిందె ఎదురైతే ప్రయాణం మానుకునేవాడు.) "యాడికన్నా పోదామంటే ఇదేం పీడమ్మే!" అని కసిరితే, "నువ్వు చెప్పమంటేనే గదా మామా చెప్పినా. మా నాయన నా ఇంట్లో కాలు పెడతా లేడు" అనేదాన్ని. మా ఇంటాయన భయపడి ఆ వీధి వైపే వచ్చేవాడు కాదు. చివరికి పెద్దాయనే, "ఈ పిల్ల నన్ను ఊరు దాటనీదు, పైపు వేయించండప్పా!" అని అరిచాడు.

నీళ్లొచ్చిన రోజు నాయనకు కబురు పెట్టాను. గడప దాటి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగి, "ఉప్పగా ఉండాయి" అన్నాడు. మళ్లీ చెంబు చాచాడు.

ఇప్పుడు ఏ పార్టీ వాళ్లు ఏం చెప్పినా నేను నమ్మను. అయినా, అంతగా నమ్మిన ఆ పిల్లను తలచుకుంటే నాకే ముచ్చటేస్తుంది.