చోడవరం దగ్గర నేను పెట్టించిన క్యూ

పోయిన జనవరిలో నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. నేను ఇంగ్లండు ఉత్తరాన ఉన్ని మిల్లులున్న ఒక ఊళ్లో బస్సు కండక్టర్ని. పదేళ్ల కిందట విశాఖపట్నం రేవులో సరుకు ఓడెక్కి కలాసీగా వెళ్లి, ఆ దేశంలో దిగి ఉండిపోయాను. జ్వరం తగ్గాక అయిదో రోజున డిపోకి వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. ఆ నాలుగు రోజులూ లిస్టు ప్రకారం నా డ్యూటీ ఇంకొకతనికి వెళ్లింది. జబ్బు రోజులకు రావలసిన జీతం వచ్చింది. అన్యాయం అని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు, అయినా ఆ రోజు రెండుసార్లు చిల్లర తప్పు ఇచ్చాను. జేబులో మా అప్ప ఉత్తరం ఉంది. మా వైపు అక్కను అప్ప అంటాం. బావ పోయి ఏడాదయింది, అప్పుడు నేను వెళ్లలేదు. "ఈ ఏడు సెరుకు బాగుంది, గానుగ కాడ మగోడు నిలబడితే బాగుణ్ణు" అని ఎవరిచేతో రాయించింది. సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా వెళ్లి విమానం టిక్కెట్టు కొన్నాను. సెలవు పన్నెండు రోజులు, అందులో దారికే ఆరు రోజులు పోతాయి.

చాలా ఏళ్లకు ఊరెళ్లే నాలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి, వెళ్లేటప్పుడు నా బుర్రలో ఏముందో కూడా చెప్పాలి. ఆ దేశం గురించి నాకు బోలెడు అభిప్రాయాలున్నాయి. మాలాంటి రంగువాళ్లను ఓడలెక్కించి వెనక్కి పంపాలని సభల్లో మాట్లాడే నాయకులు అక్కడున్నారు, చప్పట్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. గది అద్దెకుందని బోర్డు చూసి తలుపు తడితే, నా మొహం చూసి ఇప్పుడే ఇచ్చేశామన్న ఇళ్లు నాలుగున్నాయి. కానీ బస్టాపులో క్యూ ఉందే, దానికి మాత్రం నేను మొక్కుతాను. అక్కడ మిల్లు యజమాని భార్యయినా సరే, నా తరవాత వస్తే నా వెనకే నిలబడాలి. డాక్టరు దగ్గరా అంతే. నాకు దొరికిన మర్యాదంతా ఆ వరసలోనే దొరికింది. నిరుడు చలికాలం బొగ్గు గనుల గొడవతో ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులే కరెంటిచ్చినప్పుడు కూడా, జనం కొవ్వొత్తుల కోసం నోరెత్తకుండా వరసలో నిలబడ్డారు. మనవాళ్లకు ఇదొక్కటి అబ్బితే చాలు, దేశం బాగుపడిపోతుందని నేను అందరితోనూ అనేవాణ్ణి. అందరూ అంటే ఎవరూ లేరు, గదిలో నాతో నేనే అనుకునేవాణ్ణి.

బొంబాయిలో దిగి, సికింద్రాబాదులో రైలు మారి, అనకాపల్లిలో దిగేసరికి తెల్లవారి ఆరయింది. వాల్తేరు దాకా వెళ్లనక్కర్లేదు, అనకాపల్లి ముందే వస్తుంది. చోడవరం బస్సు ఏడింటికి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక చంటిపిల్ల కూడా లోపలికి వెళ్లిపోయాయి. నేను క్యూలో నిలబడ్డాను. క్యూ అంటే నేనొక్కణ్ణే. చివరికి ఎక్కితే నిలబడే చోటు కూడా లేదు. తువ్వాలు పరిచి సీటు పట్టుకున్న ఒకాయన లేచి, నెలలు నిండిన ఒకావిడను కూర్చోబెట్టి, తను నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "మరి సీటెందుకు పట్టేరండీ?" అన్నాను. "ఎవురికోలాగ అవసరం పడతాది గదా" అన్నాడు. కండక్టరు రూపాయి లోపు టిక్కెట్టుకు నా దగ్గర రూపాయి తీసుకుని, చిల్లర తరవాత ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. మా డిపోలో అయితే వాడి ఉద్యోగం ఊడేది.

దారంతా చెరకు బళ్లే, పన్నెండు మైళ్లకు గంటంపావు పట్టింది. చోడవరం బస్సులు ఆగే చోట ఒక పాక హోటల్లో ఇడ్లీ తిన్నాను. నేను టీ తాగుతూ రాజకీయాలు కదిపాను. రెండేళ్ల కిందటి ప్రత్యేకాంధ్ర గొడవలో మీ ఊళ్లో ఏం జరిగిందని వంటాయన్ని అడిగాను. ఆయన గరిటె ఆపకుండా, "ఏటవుతాది బాబూ, కొన్నాళ్లు కొట్లు కట్టేసేరు, మరి తీసేసేరు" అన్నాడు. తరవాత నా బూట్లు చూసి, "తమరెవురి తాలూకా?" అన్నాడు. మా నాన్న పేరు చెప్పాను. ఆయనకు తెలియలేదు. అప్ప పేరు చెబితే మాత్రం, "ఓలమ్మా, పైడమ్మ తమ్ముడివా" అని ఇంకో టీ పోయించాడు. అక్కడి నుంచి రావికమతం దారిలో నాలుగు మైళ్లు మా ఊరు, అప్పను ఇచ్చింది కూడా అక్కడే. జట్కావాడు మూడు రూపాయలు అడిగి రెండున్నరకు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం కూడా బస్సుందట, నాకు ఆగేంత ఓపిక లేకపోయింది.

అప్ప నన్ను చూసి ఏడవలేదు. "సిక్కిపోయేవురా సత్తీ" అని కాళ్లకు నీళ్లిచ్చింది. ఆమెకున్నది అరెకరం చెరకు. ఏడాది బతుకంతా దాని మీదే. ఏడిళ్ల వాళ్లు కలిసి కొన్న గానుగ ఒకటి, ఆయిలింజనుతో నడుస్తుంది. పక్కనే రసం కాచే పెద్ద పెనం. వంతుల మీద ఒక్కో ఇంటివాళ్లు చెరకు నరికి, ఆడించి, బెల్లం దిమ్మలు చేసుకుంటారు. మర్నాటి నుంచి అప్ప వంతని విని, సరిగ్గా సమయానికి వచ్చానని సంబరపడ్డాను.

నేను అన్నం తింటుండగా అప్పలనాయుడు బావ వచ్చాడు. మాకు వరసకు బావ, గానుగ మంచీచెడ్డా చూసే పెద్దమనిషి ఆయనే. నన్ను పలకరించి, అప్ప వైపు తిరిగాడు. "పైడమ్మా, రేపు నీ వొంతే. కాకపోతే సన్నాసోడి సెరుకు మొన్న గాలికి పడిపోయింది, ఎలకలు కొరికేస్తన్నాయి. ఆణ్ణి ముందు ఆడించుకోమందావా? నీది నిలబడే ఉంది గదా."

"అలాగే కానీ బావా" అంది అప్ప, నాకు పులుసు వడ్డిస్తూ.

నా చెయ్యి ఆగిపోయింది. మగదిక్కు లేని మనిషని ఎవరు పడితే వాళ్లు వెనక్కి నెడుతున్నారనుకున్నాను. అప్ప ఏదో చెప్పబోయింది. "నిరుడు మీ బావ పోయినప్పుడు అందరూ ఆగి నాదే ముందు..." అంటోంది గానీ నేను చెప్పనిస్తేనా? పొద్దు వాలకముందే గానుగ పాక కింద ఏడిళ్ల వాళ్లనూ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. బస్టాపు గురించి చెప్పాను, మిల్లు యజమాని భార్య గురించి చెప్పాను. వరస తప్పితే బలవంతుడిదే రాజ్యమని చెప్పాను. వాళ్లు బుద్ధిగా విన్నారు. తరవాత కాగితం తీసి ఏడు పేర్లు రాసి, ఇంటికి మూడు రోజులని తారీఖులు వేశాను. మొదటి పేరు అప్పది, రెండోది సన్యాసిది. సన్యాసి నా ఈడువాడే, బక్కపల్చటి మనిషి. అతను కాగితం వైపు చూసి, "నాయమే బాబూ. తమరు దేశాలు తిరిగినోరు" అన్నాడు. ఆ కాగితాన్ని పాక స్తంభానికి నేనే మేకు కొట్టాను. పదేళ్లలో అంత హాయిగా నేనెప్పుడూ లేను.

రెండు రోజులు పండగలాగే నడిచింది. నేను గానుగలో చెరకు గడలు పెట్టాను, పిప్పి ఎండలో పరిచాను, చేతులు బొబ్బలెక్కాయి. పెనం మీద నురగ ఎర్రబడుతుంటే అప్ప చూసి, పాకం దింపమని చెప్పేది. దిమ్మ మీద గోరు గుచ్చి, "బంగారం" అనేది. మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఇంజను బెల్టు తెగిపోయింది. చోడవరంలో తప్ప దొరకదు. సన్యాసి అడక్కుండానే సైకిలు తెచ్చి నన్ను వెనక కూర్చోమన్నాడు. బెల్టుల కొట్టు యజమాని పెళ్లికి వెళ్లాడు, మూడింటిదాకా మెట్ల మీదే కూర్చున్నాం. సన్యాసి తన మూటలోంచి చోడి రొట్టె, అంటే రాగి రొట్టె, తీసి సగం విరిచి ఇచ్చాడు. "అక్కడ తమరికి తోడెవురుంటారు బాబూ?" అన్నాడు. యూనియన్ ఉందని చెప్పాను. "ఆ యూనియనోళ్లు ఇంటికొస్తారా?" అన్నాడు. వేతనాల గురించి, నల్లవాళ్లకు డ్రైవరు పని ఇవ్వొద్దని వాళ్లే చేసిన తీర్మానం గురించి చాలాసేపు మాట్లాడాను. అతను అడిగింది మాత్రం చెప్పలేదు.

బెల్టు బిగించేసరికి పొద్దు గూట్లో పడుతోంది. అప్ప చెరకు నరికినది రెండు బళ్లు పాక పక్కన ఇంకా ఆడకుండా పడి ఉంది. చేలో నాలుగో వంతు నిలబడే ఉంది. చీకట్లో పాకం రంగు తెలియదు కాబట్టి, రేపు పొద్దున్న ఆడించేద్దాం లెమ్మన్నాను. అందరూ అవతలి పక్కకు చూశారు. అప్పుడు చూశాను, పాక రెండో పక్క సన్యాసి చెరకు గుట్టలుగా పేర్చి ఉంది. అతను నాతో చోడవరంలో ఉండగా అతని ఇంటివాళ్లు తారీఖు చూసుకుని నరికేశారు.

"ఎందుకు నరికేరు? ఇక్కడ ఆగిపోయిందని తెలుసు కదా" అన్నాను.

అప్పలనాయుడు బావ మెల్లిగా చెప్పాడు. "మా పద్ధతిలో ఐతే ముందోడి ఆకరి రసం పెనంలో పడ్డాక, ఆ ఇంటోళ్లు తరవాతోడికి కబురెడతారు. కబురొచ్చేదాకా ఎవుడూ కత్తి అట్టుకోడు. ఇప్పుడు కాయితం ఉంది గదా బాబూ, మరి కబురెవురెడతారు? తారీకొచ్చింది, ఆళ్లు నరికేసేరు."

నరికిన చెరకు ఎవరి కోసమూ ఆగదు. ఒక రోజు ఆలస్యమైతే పాకం చెడుతుంది, రెండు రోజులైతే బెల్లం గట్టిపడదు. అది నాకు తెలియని సంగతి కాదు, ఆ ఊరి గాలి పీల్చి పెరిగినవాణ్ణే. మరిచిపోయాను. సన్యాసి ముందుకొచ్చి, "నాది ఎలాగూ ఎలకలు కొట్టిందేనప్పా, నీది ముందు ఆడించేద్దాం" అన్నాడు. అప్ప ఒప్పుకోలేదు. "నీకు నలుగురు పిల్లలురా" అంది. ఆ మాట మీదే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ రెండు బళ్ల చెరకునూ ఊరి పశువులకు వేసేసింది. అప్పలనాయుడు బావ ఒక్కో ఇంటికీ వెళ్లి మాట్లాడి వచ్చాడు. సన్యాసిది అయిపోగానే, మిగతా అయిదిళ్ల వాళ్లూ ఒక రోజు వెనక్కి జరిగి, అప్ప మిగిలిన చేను ఆడించడానికి ఒప్పుకున్నారట. ఇంకా మూడు రోజులకు. "నువ్వుండు సత్తిబాబూ, పిప్పి పరవడానికి మనిషి కావాల" అన్నాడు. కాగితం గురించి ఒక్క మాట కూడా ఎవరూ అనలేదు, దాన్ని నేనే వెళ్లి పీకేశాను.

నా టిక్కెట్టు తారీఖు ఆగనిచ్చేది కాదు. మరునాడు తెల్లవారకముందే లేచి, అప్ప చేతి గంజి తాగుతూ క్షమించమన్నాను. ఆమె పొయ్యి దగ్గర్నుంచి తలెత్తకుండా, "నువ్వు సెప్పింది తప్పేటి కాదురా. ఆళ్లది వరసే. అందరికీ ఒకటే" అంది. కట్టె ఒకటి పొయ్యిలోకి తోసి అడిగింది.

"ఆ వరసలో ఎవుడైనా తన వొంతు నీకు ముందు ఇస్తాడా? ఒంట్లో బాగోనప్పుడో, మరోప్పుడో?"

"ఇవ్వక్కర్లేదప్పా. ఎవరిది వాళ్లకి వస్తుంది."

"నువ్వెవుడికైనా ఇచ్చేవా?"

నేను ఆలోచించాను. పదేళ్లూ తిరగేసి చూసుకున్నా ఒక్క మనిషి గుర్తుకు రాలేదు. "లేదు" అన్నాను. అప్ప నా వైపు చూసింది. బావ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లు ఆమెను ఎలా చూసి ఉంటారో, అలా ఆమె నన్ను చూసింది.

చోడవరం నుంచి అనకాపల్లికి మొదటి బస్సు ఆరున్నరకు. సన్యాసే సైకిలు మీద దింపాడు. తను పెనం దగ్గర ఉండవలసిన రోజది. కిటికీలోంచి తువ్వాలు విసిరి నాకు సీటు పట్టాడు. నేను వద్దనలేదు.

వెనక్కి వచ్చాక కూడా నేను క్యూను తిట్టలేదు. నన్ను మొహం చూసి తోసెయ్యకుండా కాపాడింది అదే, రేపూ అదే కాపాడుతుంది. మా ఊరి పద్ధతిలో అంతా ధర్మమేనని కూడా అనను. కబురు అందని ఇళ్లు, అసలు ఆ పాక కిందకే రానివ్వని ఇళ్లు అక్కడా ఉన్నాయి, వాటి గురించి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నాకు బోధపడింది ఒక్కటే. వరసలో నిలబడితే నాకు రావలసింది నాకు వస్తుంది, కానీ వెనకున్నవాడి సంగతి నాకు తెలియక్కర్లేదు, నా సంగతి అతనికీ అక్కర్లేదు. అలా పదేళ్లు నిలబడ్డాను. నాకిక్కడ ఎవరూ లేరు. ఈ ఒక్క మాట రాయడానికి ఇంతకాలం పట్టింది.

మీకు పనికొచ్చే మాట ఒకటి. టిక్కెట్టు కొనేటప్పుడు తిరుగు ప్రయాణానికి తారీఖు వేయించుకోకండి. తారీఖు లేని టిక్కెట్టుకు కొంత ఎక్కువ అడుగుతారు, ఇచ్చెయ్యండి. నేను వేయించుకుని వెళ్లాను. అప్ప మిగిలిన చెరకు ఆడించిన రోజున ఏడిళ్ల వాళ్లూ వచ్చారట, బెల్లం బాగా కుదిరిందట. ఆ సంగతి ఉత్తరంలో అందిన పొద్దున నేను వానలో, ఆలస్యం లేకుండా, టిక్కెట్లు కొడుతున్నాను.