సమర్పించు

యాప్ కంపెనీల ఇంటర్న్‌గ చేరిన కొత్తల సంగతి. మా యాప్ జనానికి అర్థమైతుందా లేదా అని చూసి రాసుకునుడే నా పని. ఛత్రినాక నుంచి పోయే బస్సుల నా పక్కన ఒక పెద్దమ్మ కూసుంది. గాజులకు రాళ్లు అతికించీ అతికించీ ఆమె వేళ్ల కొనలు గట్టిపడ్డయి. పని ఇప్పించే మా యాప్ తెరిచి, ఫారం నింపమని ఫోన్ చేతికిచ్చిన. పేరు, బస్తీ, పని అన్నీ తప్పు లేకుండ నింపింది. ఆఖరి బటన్ కాడ ఆగి, "సమర్పించు" అని పైకి చదివింది.

"బోనమైతే అమ్మవారికి సమర్పిస్తం. ఇది ఎవలకు బిడ్డా?"

"కంపెనీకి," అన్న నవ్వుకుంట.

ఆమె నవ్వలే. "కంపెనీ ఏమన్న దేవతనా?" అని, బటన్ ఒత్తకుండనే ఫోన్ తిరిగిచ్చింది. జరసేపైనంక మెల్లగ అడిగింది. "నేనేమన్న తప్పు చేసిన్నా?"

"లేదు పెద్దమ్మా, మంచిగ చేసినవ్," అన్న.

ఆమె దిగిపోంగనే నా ఫోన్ల రిపోర్టు తెరిచి, "ఫెయిల్. చదువు రాదు" అని రాసిన. పైకి చదివి మరీ అడిగిన మనిషికి!

ఆమె అడిగిన మాట గూడ కలిపి ఆ రిపోర్టు మీటింగుల చదివితే అందరు మస్తు నవ్విన్రు. నాకు పక్కా ఉద్యోగం గూడ వచ్చింది.

ఆ దినం బస్సుల రాసిన రిపోర్టు కింద గూడ గదే బటన్ ఉండె. ఎవలకని అడగకుండనే ఒత్తిన.