నలుగురం చేసిన వెబ్‌సైటు

మొన్న మా కాలేజీ స్టాఫు రూములో మీటింగు జరిగింది. పిల్లలు బ్యాచ్‌గా కలిసి చేసే వెబ్‌సైటు ప్రాజెక్టుకి ఇకమీదట అందరికీ ఒకటే మార్కు వెయ్యకూడదనీ, ఎవరి పని వాళ్ళదిగా చూసి ఎవరి మార్కు వాళ్ళకే వెయ్యాలనీ తేల్చారు. కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు, నా మేనల్లుడి ఈడువాడు, గోడమీద తెర వేసి చూపించాడు. ఏ పిల్ల ఎంత రాసిందో, ఎవరు రాసింది ఎవరు దిద్దారో అంతా మిషనే లెక్క కట్టి రంగురంగుల గీతల్లో చూపెడుతుందట. ఒకరి కష్టం మీద నలుగురు గట్టెక్కే రోజులు పోయాయని అందరూ సంబరపడ్డారు, నేనూ తలూపాను, న్యాయమైన మాటని కాదనడానికేముంది! విజయనగరంలో నేనుండే ఇంటికి వచ్చి, ఒక్కదానికే టీ పెట్టుకుని కూర్చున్నాక మాత్రం మనసు ఎక్కడెక్కడికో పోయింది.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మేం చదువుకునే రోజుల్లో కంప్యూటరు ల్యాబంటే చెప్పులు బయట విడిచి వెళ్ళే చోటు. బ్యాచ్‌కి ఒక్కటే కంప్యూటరు, దాని ముందు ఒక్కటే కుర్చీ. శ్రీకాకుళం దాటాక హైవే పక్కనుండేది మా కాలేజీ. మా బ్యాచ్‌లో నేను, నరసన్నపేట నుంచి వచ్చే మా పెద్దమ్మ కూతురు, మిషను చర్చి పాస్టరుగారి అమ్మాయి, పాతపట్నం నుంచి వచ్చే కుర్రాడు, మొత్తం నలుగురం. ఆ కుర్రాడు మా అక్కచెల్లెళ్ళిద్దరికీ దూరపు చుట్టరికంలో బావ వరస. మమ్మల్ని చూసి పాస్టరుగారి అమ్మాయి కూడా బావా అని పిలిచేసేది, అతను సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఏ ఊరినుంచి ఏ ఊరికి ఎన్నింటికి బస్సుందో చెప్పే వెబ్‌సైటు మాది. ఇంటరు సెలవుల్లో మా నాన్న పట్టుబట్టి నాకు టైపు నేర్పించి లోయరు పరీక్ష పాసు చేయించారు. దాంతో మా పెద్దమ్మ కూతురు మొదటిరోజే తీర్పు చెప్పేసింది, "ఒసే గుంటా, నీకు టైపొచ్చు కదా, నువ్వు కూకో, మేం సెప్తాం" అని. అంతే, ఆ ఏడాదంతా ఆ కుర్చీ నాదే. ముగ్గురూ నా వెనక నిలబడి చెప్పేవాళ్ళు, నేను కొట్టేదాన్ని. బావ బస్టాండుల్లో కూర్చుని కండక్టర్లని బతిమాలి, ఒడిశా వైపు నుంచి వచ్చే బస్సులతో సహా వేళలన్నీ పట్టుకొచ్చేవాడు. తిన్నగా వెళ్ళే బస్సు లేకపోతే ఎక్కడ దిగి ఏ బస్సెక్కాలో కూడా చూపించాలన్న ఆలోచన మా పెద్దమ్మ కూతురిది, అదెలా కుదురుతుందో కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో గీసి మరీ చెప్పింది. "మా సంఘంలో ముసిలమ్మలకి ఇది సూపిత్తే ఏటీ బోధపడదే" అని పాస్టరుగారి అమ్మాయి నాలుగు పేజీలని ఒక్కటి చేయించింది. పులుసు మరిగాక చింతపండేదో బెల్లమేదో విడదియ్యగలమా? మా పనీ అంతే. జీవితంలో నేనెప్పుడైనా ఒంటరిగా లేనంటే అది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే.

ప్రాజెక్టు పరీక్ష రోజున మార్కులు వెయ్యడానికి వైజాగు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఎవరేం చేశారని అడిగితే బావ, "అందరం కలిసే సేసినాం సార్" అన్నాడు. ఆ మాట ఆయన ప్రతి కాలేజీలోనూ వినే ఉంటారు, నవ్వి ఊరుకున్నారు. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, ఇందులో ఒక కొత్త ఊరు చేర్చి చూపించమన్నారు. బావ అక్షరాలు వెతుక్కోవడంతోనే సరిపోయింది. మా పెద్దమ్మ కూతురు ఏం చెయ్యాలో నోటితో గడగడా చెప్పబోతే, చెప్పొద్దమ్మా, చేసి చూపించు అన్నారు, అది ఒకటి కొట్టబోయి ఇంకొకటి కొట్టింది, తెరనిండా తప్పులొచ్చాయి. పాస్టరుగారి అమ్మాయి కీబోర్డు ముట్టుకోకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కూర్చుని చిటికెలో చేసేశాను. చేసి, లేచి నిలబడి, ఆలోచనలన్నీ వాళ్ళవే సార్, నేను టైపు కొట్టానంతే అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. నీది మంచి మనసమ్మా అన్నారాయన. ఆయన్ని అని లాభం లేదు, కష్టపడిన పిల్లకి అన్యాయం జరక్కూడదనే చూశారు పాపం. నాకు కాలేజీ మొత్తం మీద మొదటి మార్కు వచ్చింది, వాళ్ళు ముగ్గురూ అత్తెసరు మార్కులతో బయటపడ్డారు.

వాళ్ళు నాతో దెబ్బలాడి ఉంటే బాగుండేది. దెబ్బలాడలేదు. మా పెద్దమ్మ కూతురు, మావైపు ఆడపిల్లల్ని చనువుగా పిలిచినట్టు గుంటా అనడం మానేసి పేరు పెట్టి పిలవడం మొదలెట్టింది. క్యాంటీనులో నేను వెళ్ళి కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. ఏమైంది బావా అనడిగితే, "మీకేటండి, మీరు పెద్దోరు" అన్నాడు, వేళాకోళంగా అన్నా అందులో వేళాకోళం లేదు. ఆ మార్కుతోనే హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, చాలా ఏళ్ళు చేసి, ఇటువైపు పాఠాలు చెప్పుకుందామని వచ్చేశాను. ఎక్కడ చేసినా పనిమంతురాలన్న పేరే వచ్చింది గాని, గుంటా అని పిలిచేవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురు నరసన్నపేటలో గృహప్రవేశం చేసుకుంటే వెళ్ళాను. బావ కూడా వచ్చాడు, తన భార్యకి నన్ను చూపించి, "ఈయమ్మే, మా ప్రాజెక్టంతా ఒక్కర్తే సేసింది. మేమేటీ సెయ్యనేదు, ఎనకాల నిలబడి సూసినాం, అంతే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, గర్వంగానే అన్నాడు, పక్కనున్న పాస్టరుగారి అమ్మాయీ నిజమేనంది. నేను కంగారుగా మా పెద్దమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, మారే బస్సు సంగతి నీకే కదే తట్టింది, కిటికీ మీద గీశావు కదే అన్నాను. అది "నాకా? ఏటోనే, గుర్తునేదు" అని నవ్వేసి, వడ్డనలు చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మా ల్యాబులో ఇప్పుడు పిల్లలు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెరుచుకుని, చెవుల్లో ఎవరి పాట వాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, ఒకరి వెనక ఒకరు నిలబడే పనే లేదు. వాళ్ళ కాలం వాళ్ళది, తప్పు పట్టను. ఆ వెబ్‌సైటు అందరం కలిసి చేశామని ఆ రోజు చెప్పడానికి నలుగురం ఉన్నాం. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.